చిల్లు 1 మిల్లీమీటరు దాటితే: వాడిన అణు ఇంధనాన్ని అమెరికా వర్గాలుగా విడదీసిన కథ

1982లో అణు వ్యర్థాల చట్టం వచ్చింది. మరుసటి ఏడాది అమెరికా ఇంధన శాఖ (డీఓఈ) విద్యుత్ కంపెనీలకు ఒక ప్రామాణిక ఒప్పందం ఖరారు చేసింది. 1998 జనవరి 31 నుంచి వాడిన ఇంధనాన్ని ప్రభుత్వమే తీసుకెళ్లాలి. ఏ సరుకు చేతికొస్తుందో తెలియాలి కాబట్టి అందులో మూడు పద్దులు రాశారు: ప్రామాణికం, ప్రామాణికేతరం, విఫలం. రియాక్టర్‌ నుంచి తీశాక కనీసం 5 ఏళ్లు చల్లారనిది రెండో పద్దు. పైకే దెబ్బ కనిపించేది, రేడియోధార్మికత లీకయ్యేది, ముందే డబ్బాలో పెట్టి మూసినది మూడోది.

గడువు దాటినా ఇంధనం కదల్లేదు. ఇంధనాన్ని చల్లార్చే నీటి కొలనులు నిండి, నీళ్లు లేకుండా దాచే డ్రై క్యాస్కుల వాడకం పెరిగేసరికి లీకు ఒక్కటే కొలమానంగా సరిపోలేదు. ఇంధన కడ్డీ అంటే యురేనియం పెల్లెట్లు (బిళ్లలు) నింపిన లోహపు తొడుగు. దానికి పడిన సూదిమొన కన్నం లోంచి వాయువు పోతుంది గానీ పెల్లెట్ రాదు. సుమారు 1.1 సెంటీమీటర్ల వ్యాసమున్న పెల్లెట్ రియాక్టర్లోనే 25–35 ముక్కలవుతుంది. ఒక ముక్క బయటపడాలంటే తొడుగులో 2–3 మిల్లీమీటర్ల చీలిక కావాలి. అందుకే నియంత్రణ సంస్థ ఎన్‌ఆర్‌సీ కాస్త జాగ్రత్త కలిపి, 1 మిల్లీమీటరు దాటితే 'పెద్ద చిల్లు' అంది. అలాంటిది పైనా కిందా జల్లెడ ఉన్న ప్రత్యేక డబ్బాలోకి వెళ్లాలి: నీరు కారిపోవాలి, ముక్కలు నిలవాలి. చిన్న కన్నమున్నదానికైనా వేడిగా ఉండగా గాలి తగలకూడదు. యురేనియం డయాక్సైడ్ ఆక్సీకరణ చెంది సుమారు 36 శాతం ఉబ్బితే తొడుగు నిలువునా చీలుతుంది. ఆరబెట్టి హీలియం నింపేది అందుకే.

వాషింగ్టన్ రాష్ట్రంలో ప్లుటోనియం తయారుచేసిన హాన్‌ఫర్డ్‌ది వేరే బాధ. అక్కడి ఎన్ రియాక్టర్ (1963–87) ఇంధనం లోహ యురేనియం. ఎలాగూ రసాయనాల్లో కరిగించేదే కదా అని, తాత్కాలికంగా అక్కడి కే రియాక్టర్ల కొలనుల్లో ఉంచారు. 1992లో డీఓఈ ఇలా కరిగించే రీప్రాసెసింగ్ ఆపేయడంతో సుమారు 2,100 టన్నులు నీళ్లలోనే మిగిలాయి. తొడుగు చిరిగినచోట లోహం తుప్పుపట్టి అడుగున బురదైంది. కడిగి, డబ్బాల్లో నింపి, శూన్యంలో ఆరబెట్టి 2004కు తరలింపు ముగించారు. ఆరబెట్టడం ఎందుకంటే తడి లోహం హైడ్రోజన్ పుట్టిస్తుంది, యురేనియం హైడ్రైడ్‌కేమో గాలి తగిలితే అంటుకునే గుణముంది.

డీఓఈ దగ్గర ఇలాంటివి 200 రకాలకు పైనే. ఒక్కోదాన్నీ కోసి పరీక్షించడం కుదరని పని. అందుకని పదార్థం, తొడుగు, శుద్ధి శాతం (యురేనియం-235 వాటా), స్థితి చూసి గుంపులు కట్టి, గుంపు మొత్తానికి చెడ్డ అంచనానే లెక్కలో వాడారు.

ఈ ఇంధనాన్ని శాశ్వతంగా పాతరేయాలనుకున్న నెవాడాలోని యక్కా మౌంటెన్ కోసం దరఖాస్తు 2008లో వేశారు, 2010లో వెనక్కి తీసుకోవాలని చూశారు. ఈలోగా విద్యుత్ కేంద్రాల్లో డబ్బాలకు మూతలు వెల్డవుతూనే ఉన్నాయి. పాతరేసే చోటు ఏం అడిగినా జవాబు చెప్పాల్సింది నింపేనాటి పటమే: ఏ గడిలో ఏ నంబరు అసెంబ్లీ (ఇంధన కడ్డీల కట్ట), మొదటి శుద్ధి శాతం, బర్నప్ (టన్ను ఇంధనం నుంచి తీసిన శక్తి), రియాక్టర్‌ నుంచి తీసిన తేదీ. మూత మళ్లీ కోస్తే తప్ప లోపల చూడలేరు.