అల్లర్లు జరగని ఊరిని ఎందుకు పరిశోధించాలి?

మతకల్లోలం జరిగిన నగరానికి వెళ్లి కారణమేమిటని అడిగితే జవాబులకు కొదవ ఉండదు. ఒకరు దేశ విభజన నాటి గాయాలంటారు. ఇంకొకరు వ్యాపారంలో పోటీ అంటారు. పేదరికం, ఎన్నికలు, పుకార్లు అని చెప్పేవాళ్లూ ఉంటారు. ప్రతి జవాబుకూ ఎంతో కొంత ఆధారం దొరుకుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఆ పేదరికం, ఆ పోటీ, ఆ పుకార్లు ప్రశాంతంగా ఉన్న నగరాల్లోనూ ఉంటాయి. నెత్తురు పారిన చోట్లను మాత్రమే పరిశోధిస్తూ పోతే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు.

రాజనీతి శాస్త్రంలో ఇది పాత సమస్య. ఆ రంగంలో చాలాకాలం రెండు వర్గాలు ఉండేవి. ఓట్లు, సర్వేలు, జనాభా లెక్కలు పోగుచేసి గణాంక సూత్రాలతో విశ్లేషించేవారు ఒకవైపు, ఒక ఊళ్లో నెలల తరబడి ఉండి మనుషులతో మాట్లాడి, పాత దస్త్రాలు తిరగేసి రాసేవారు మరోవైపు. ఒకరి పని మీద మరొకరికి నమ్మకం తక్కువ. 1994లో గ్యారీ కింగ్, రాబర్ట్ కోహేన్, సిడ్నీ వెర్బా అనే ముగ్గురు అమెరికన్ పండితులు ఈ రెండు దారుల వెనుకా ఉన్న తర్కం ఒక్కటేనని వాదించారు. దాని మీద ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయి. 2005లో ఇవాన్ లీబర్మన్ అనే మరో రాజనీతి శాస్త్రవేత్త మరింత ఆచరణాత్మకమైన మార్గం చూపించారు. ముందు అన్ని ఉదాహరణలనూ అంకెలతో చూడాలి. ఆ అంకెలే లోతుగా చూడదగిన కొన్నింటిని ఎంపిక చేయాలి. అక్కడ తెలిసినదాన్ని మళ్లీ అంకెలతో పరీక్షించాలి.

ఈ పద్ధతి బలమూ, పరిమితులూ తెలియాలంటే సిద్ధాంత చర్చల కన్నా మన దేశంలోనే జరిగిన ఒక పరిశోధనను చూడటం మేలు. అందులో హైదరాబాద్ కూడా ఉంది.

రాజనీతి శాస్త్రవేత్తలు అశుతోష్ వార్ష్ణేయ, స్టీవెన్ విల్కిన్సన్ కలిసి 1950 నుంచి 1995 వరకు వచ్చిన టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికలను వెతికి, హిందూ ముస్లిం అల్లర్ల వార్తలన్నింటినీ ఒక పట్టికలోకి ఎక్కించారు. తేదీ, ఊరు, మరణాలు, అల్లరికి దారితీసిన సంఘటన, ఇలా నలభై ఆరేళ్ల వార్తలు. ఆ పట్టిక చాలామంది ఊహను తలకిందులు చేసింది. దేశ జనాభాలో దాదాపు మూడింట రెండు వంతులు నివసించే పల్లెల్లో జరిగిన మరణాలు మొత్తంలో 3.6 శాతమే. నగరాల్లోనూ హింస అంతటా సమానంగా లేదు. అహ్మదాబాద్, బొంబాయి, అలీగఢ్, హైదరాబాద్, మీరట్, బరోడా, కలకత్తా, ఢిల్లీ. ఈ ఎనిమిది నగరాల్లో ఉన్నది పట్టణ జనాభాలో 18 శాతమే అయినా, మొత్తం మరణాల్లో 46 శాతం పైగా అక్కడే జరిగాయి.

అంటే ఈ రెండు మతాలవారు కలిసి బతకలేరన్న సాధారణ సూత్రం లెక్కకు నిలవదు. కలిసి బతుకుతున్న ఊళ్లే ఎక్కువ. అడగవలసిన ప్రశ్న కూడా దాంతో మారిపోయింది: ఈ ఊళ్లోనే ఎందుకు, ఆ ఊళ్లో ఎందుకు కాదు? ఏ ఒక్క నగరంలో ఎంతకాలం కూర్చున్నా ఈ ప్రశ్న ఇంత స్పష్టంగా తట్టదు. అయితే జవాబు మాత్రం పట్టికలో లేదు.

వార్ష్ణేయ అక్కడి నుంచి జంటలు కట్టారు. అల్లర్లు తరచుగా జరిగే ఒక నగరం, దాదాపు అవే పరిస్థితులున్నా ప్రశాంతంగా ఉన్న మరో నగరం. ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్‌కు కేరళలోని కోజికోడ్, హైదరాబాద్‌కు లక్నో, అహ్మదాబాద్‌కు సూరత్. అలీగఢ్‌లో, కోజికోడ్‌లో ముస్లింల వాటా 36 నుంచి 38 శాతం మధ్య ఉంటుంది. కాబట్టి జనాభా నిష్పత్తి కారణమని ఇక చెప్పడానికి వీల్లేదు. తర్వాత ఆ నగరాల్లోకి దిగి సర్వేలు చేశారు, నాయకులను, వ్యాపారులను, కార్మికులను కలిశారు. రెండో మతంవారితో తరచుగా కలిసి తింటామని చెప్పినవారు కోజికోడ్‌లో 83 శాతం, అలీగఢ్‌లో 54 శాతం. పిల్లలు కలిసి ఆడుకుంటారని చెప్పినవారు కోజికోడ్‌లో సుమారు 90 శాతం, అలీగఢ్‌లో 42 శాతం.

చాలా అధ్యయనాలు ఇలాంటి అంకెల దగ్గరే ఆగిపోతాయి, నాకు అసంతృప్తి అక్కడే. కలిసి తినేవారు కొట్టుకోరు అని తేల్చేస్తే సరిపోతుందా? అలీగఢ్‌లోనూ సగానికి పైగా కలిసి తింటున్నారు కదా, మరి ఆ స్నేహాలు అల్లర్లను ఎందుకు ఆపలేకపోయాయి? ఈ ప్రశ్నకు సమాధానం సంభాషణల్లోంచి వచ్చింది. కోజికోడ్‌లో వర్తక సంఘాల్లో, మూటలు మోసే హమాలీల యూనియన్లలో, పార్టీల్లో, గ్రంథాలయాల్లో రెండు మతాలవారూ కలిసి సభ్యులు. ఉద్రిక్తత రాగానే ఈ సంఘాల పెద్దలంతా శాంతి కమిటీలో కూర్చుంటారు. పుకారు పుట్టిందంటే అది నిజమో కాదో గంటల్లో కనుక్కోగలరు, ఎందుకంటే అవతలి పేటలో ఫోను చేసి అడగదగిన మనిషి ఒకరున్నారు. అలీగఢ్‌లో 1990 డిసెంబరులో, విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో హిందూ రోగులను చంపుతున్నారని పుకారు లేచింది. స్థానిక పత్రికలు దాన్ని అచ్చువేశాయి. అది అబద్ధమని తేలేలోగా ప్రాణాలు పోయాయి. పక్కింటివారితో స్నేహం ఉన్నవాళ్లకు కూడా, నగరం మొత్తానికి వినిపించేలా ఇది అబద్ధమని చెప్పే వేదిక లేకపోయింది.

ఇక్కడ మళ్లీ లెక్క సాయానికి వస్తుంది. 2 వేల మంది ఉన్న పల్లెలో ఇద్దరిద్దరి మధ్య సాధ్యమయ్యే పరిచయాలు దాదాపు 20 లక్షలు. 5 లక్షల జనాభా ఉన్న నగరంలో అవి సుమారు 12,500 కోట్లు. ముఖపరిచయం పల్లెను కలిపి ఉంచగలదు కానీ నగరాన్ని కలిపి ఉంచలేదు. నగరానికి సంఘాలు కావాలి. పల్లెల్లో మరణాలు 3.6 శాతమే ఎందుకన్నదానికి కూడా ఇది కొంతవరకు అర్థం చెబుతుంది.

కానీ ఒక అనుమానం వెంటనే రావాలి. సంఘాలు ఉన్నందువల్ల శాంతి వచ్చిందా, శాంతి ఉన్నందువల్ల సంఘాలు నిలిచాయా? ఒకసారి చేసిన సర్వే దీన్ని తేల్చలేదు. దీనికి చరిత్ర కావాలి, ఏది ముందు ఏది వెనుక అన్నది దస్త్రాల్లో చూడాలి. కోజికోడ్ చుట్టుపక్కల ఎప్పుడూ శాంతే ఉండేదనుకుంటే పొరపాటు. చేరువలోని ఏరనాడ్, వళ్లువనాడ్ తాలూకాల్లోనే, మాప్పిళ ముస్లింలు బ్రిటిష్ పాలన మీద, హిందూ భూస్వాముల మీద తిరగబడిన 1921 మలబార్ తిరుగుబాటు జరిగింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో అక్కడి రాజకీయం కులవివక్ష మీద పోరాటం చుట్టూ తిరిగింది. ఆలయ ప్రవేశం కోసం 1931లో గురువాయూర్ సత్యాగ్రహం మొదలైంది. ప్రధానమైన గీత మతాల మధ్య కాక కులాల మధ్య పడింది. యూనియన్లు, గ్రంథాలయాలు ఆ ఉద్యమాల వేడిలో పెరిగాయి. హైదరాబాద్ కథ వేరు. నిజాం పాలనలో బహిరంగ రాజకీయాలకు చోటు చాలా తక్కువ. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను ఏర్పడకముందే నిషేధించారు. బ్రిటిష్ ఇండియాలో గాంధీ ఉద్యమం పల్లెపల్లెనా, పేటపేటనా సంఘాలు కడుతున్న కాలంలో ఇక్కడ ఆ పని సాగలేదు. లక్నోలో చికన్ ఎంబ్రాయిడరీ పరిశ్రమ హిందూ వ్యాపారులను, ముస్లిం పనివారిని ఒకరి మీద ఒకరు ఆధారపడేలా చేసింది. 1992లో అయోధ్యకు కొద్ది దూరంలోనే ఉన్నా ఆ నగరం ప్రశాంతంగా గడిచింది. అంతగా రెండు వర్గాలను కట్టివేసే పరిశ్రమ పాతబస్తీకి లేదు.

సూరత్‌లో పరిశీలన ఇంకా సూక్ష్మంగా జరిగింది. దశాబ్దాలుగా ప్రశాంతంగా ఉన్నా, బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత అక్కడ తీవ్రమైన హింస జరిగింది. పట్టికలో అది సూరత్ అనే ఒకే ఒక్క వరుస. నగరంలోకి వెళ్లి చూస్తే, మరణాల్లో అత్యధికం కొత్తగా వలస వచ్చినవారుండే పారిశ్రామిక వాడల్లో జరిగాయి. పాత నగరంలో, వ్యాపార సంఘాలు బలంగా ఉన్నచోట, చాలా తక్కువ. నగరాన్ని ఒక్క అంకెగా చూస్తే తప్పుడు నిర్ణయానికి వస్తామని క్షేత్ర పరిశీలన హెచ్చరించింది.

ఇంతకీ ఈ వివరణే తుది మాటా? కాదు. అదే పట్టికను కలిసి తయారుచేసిన విల్కిన్సన్ 2004లో మరో సిద్ధాంతం ముందుకు తెచ్చారు. పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటారు. మైనారిటీ ఓట్లు అవసరమైన ప్రభుత్వం అల్లర్లను ఆపమని ఆదేశిస్తుంది, పోలీసులు ఆపుతారు. ఎన్నికల పోటీ బాగా ఉన్న రాష్ట్రాల్లో శాంతికి మూలం అదేనని ఆయన వాదన. ఒకే అంకెల నుంచి ఇద్దరు నిజాయతీపరులైన పరిశోధకులు ఇంత వేరైన నిర్ణయాలకు రావడం నన్ను కలవరపెట్టదు, ఉత్సాహపరుస్తుంది. ఎందుకంటే ఏ ఊరికి వెళితే వాదం తేలుతుందో ఇప్పుడు అడగవచ్చు.

కోజికోడ్ పనికిరాదు. అక్కడ సంఘాలూ ఉన్నాయి, కేరళలో హోరాహోరీ ఎన్నికల పోటీ కూడా ఉంది. 1967లోనే ముస్లిం లీగ్ రాష్ట్ర ప్రభుత్వంలో చేరింది. రెండు సిద్ధాంతాలూ అక్కడ శాంతినే ఊహిస్తాయి. బీహార్ పనికొస్తుంది. 1989లో భాగల్పూర్‌లో భయంకరమైన హింస జరిగింది. మరుసటి ఏడాది లాలూ ప్రసాద్ ముఖ్యమంత్రి అయ్యాక రాష్ట్రంలో పెద్ద అల్లర్లు బాగా తగ్గాయి. కొద్ది నెలల్లో పౌర సంఘాలు పుట్టుకురావు కదా, మారింది ప్రభుత్వ సంకల్పం. ఇది విల్కిన్సన్ వైపు మొగ్గే సాక్ష్యం. అలీగఢ్, లక్నో ఒకే రాష్ట్రంలో, ఒకే ప్రభుత్వం కింద ఉండి కూడా వేర్వేరుగా ప్రవర్తించాయి. అది వార్ష్ణేయ వైపు మొగ్గుతుంది. నా అభిప్రాయంలో ప్రభుత్వం గట్టిగా నిలిచినప్పుడు సంఘాలు లేకపోయినా అల్లర్లు ఆగుతాయి. ప్రభుత్వం చూసీచూడనట్టు ఉన్నప్పుడే సంఘాల బలం పరీక్షకు వస్తుంది.

దీన్ని పరీక్షించడానికి హైదరాబాద్‌కన్నా మంచి చోటు నాకు తోచడం లేదు. 1978 నుంచి 1990ల మొదటి వరకు ఇక్కడ అల్లర్లు పదేపదే జరిగాయి. అయినా ప్రతి పేటలోనూ జరగలేదు. ప్రభుత్వం ఒకటే, పోలీసు కమిషనరేట్ ఒకటే, ఎన్నికలూ ఒకటే, కాబట్టి పేటకూ పేటకూ మధ్య కనిపించే తేడాను వాటి మీదకు నెట్టలేం. పాత పట్టిక ఒక ఆంగ్ల దినపత్రిక మీద ఆధారపడింది. చిన్న ఘటనలు దాని కంటికి ఆనకపోయే అవకాశం ఎక్కువ. 1949 నుంచి వస్తున్న ఉర్దూ పత్రిక సియాసత్, ఆ కాలపు తెలుగు దినపత్రికలు, పోలీసు స్టేషన్ల దస్త్రాలు కలిపి పేటలవారీగా కొత్త పట్టిక కట్టాలి. ప్రశాంతంగా ఉన్న పేటలను గుర్తించి, అక్కడి బజారు సంఘాల, మసీదు, ఆలయ కమిటీల పెద్దలను వారి భాషల్లోనే అడగాలి. ఆ కాలం చూసినవారిలో చాలామంది ఇప్పుడు డెబ్బై దాటినవారు. తెలుగు, ఉర్దూ రెండూ చదవగల పరిశోధక విద్యార్థులు నలుగురైదుగురు ఉంటే ఈ పని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.