ఘనాలో ఒకే కుర్చీ, రెండు పదవులు

ఘనాలో ప్రభుత్వం మారితే కోర్టుల్లో ఉన్న కేసుల జాతకాలూ మారిపోతాయి. 2025 జనవరిలో జాన్ మహామా మళ్లీ అధ్యక్షుడయ్యారు. ఆ నెలలోనే, కోకో పంట వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ కోకో బోర్డుకు మహామా తొలి పాలనలో అధిపతిగా ఉన్న స్టీఫెన్ ఒపూనీ మీద 2018 నుంచి నడుస్తున్న కేసును ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ఆ నిర్ణయం కొత్త అటార్నీ జనరల్ డొమినిక్ అయినేది. ఆయనే న్యాయశాఖ మంత్రి కూడా.

మన దేశంలో న్యాయశాఖ మంత్రి వేరు, అటార్నీ జనరల్ వేరు. 1992 నాటి ఘనా రాజ్యాంగంలోని 88వ అధికరణం మాత్రం అటార్నీ జనరల్ మంత్రి కూడా అయి ఉండాలంటుంది. నేర కేసులు పెట్టడం, నడపడం ఆయన బాధ్యతే. తీర్పు రాకముందు ఎప్పుడైనా కేసును ఆపేసే అధికారం 1960 నాటి నేర విచారణ చట్టం నుంచే ఉంది. అంటే ఎవరిని బోనెక్కించాలో, ఎవరిని దింపాలో తేల్చేది అధికార పార్టీ మంత్రే.

ఈ పదవికి రాజకీయం అంటుకోవడం కొత్త కాదు. స్వాతంత్ర్యం వచ్చిన 1957లో తొలి ప్రధాని ఎన్‌క్రుమా అటార్నీ జనరల్‌గా తెచ్చుకున్నది బ్రిటన్ లేబర్ పార్టీ మాజీ ఎంపీ జెఫ్రీ బింగ్‌ను. మరుసటి ఏడాదే, విచారణ లేకుండా ఐదేళ్ల వరకు జైల్లో పెట్టే ముందస్తు నిర్బంధ చట్టం వచ్చింది. ఎన్‌క్రుమాకు ప్రత్యర్థి అయిన జె.బి. డాంక్వా 1965లో ఆ నిర్బంధంలోనే న్సవామ్ జైల్లో చనిపోయారు.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది మార్టిన్ అమీడు కథ. మహామా పార్టీ ఎన్‌డీసీకి చెందిన ఈయన, 2011లో అధ్యక్షుడు మిల్స్ దగ్గర అటార్నీ జనరల్. ఆల్ఫ్రెడ్ వోయోమే అనే వ్యాపారికి ప్రభుత్వం 5.12 కోట్ల సెడీలు (ఘనా కరెన్సీ) చెల్లించిన వ్యవహారాన్ని తవ్వబోతే 2012 జనవరిలో పదవి ఊడింది. ఆయన ఊరుకోలేదు. మామూలు పౌరుడిగా సుప్రీంకోర్టుకెక్కారు, డబ్బు తిరిగి కట్టాలని 2014 జులైలో తీర్పు తెచ్చుకున్నారు. మంత్రిగా చేయలేనిది కుర్చీ పోయాక చేయగలిగారన్నమాట.

తర్వాత వచ్చిన ఎన్‌పీపీ అధ్యక్షుడు అకుఫో-అడ్డో, స్వయంగా ఒకప్పటి అటార్నీ జనరలే, అవినీతి కేసులకు స్పెషల్ ప్రాసిక్యూటర్ పదవి పెట్టి, 2018లో ప్రత్యర్థి పార్టీ వాడైన అమీడునే కూర్చోబెట్టారు. మంచి ఎత్తే. కానీ 88వ అధికరణం జోలికి మాత్రం పోలేదు. అమీడు 2020 నవంబరులో, తన పనిలో అధ్యక్షుడు తలదూరుస్తున్నారంటూ రాజీనామా చేశారు.

ఇక్కడో పిట్టకథ. వయసు మించిపోయిందంటూ అమీడు నియామకాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసి, 2020లో ఓడిపోయింది మరెవరో కాదు, ఈ అయినేనే.

అయినేకు ముందు ఆ కుర్చీలో ఉన్న గాడ్‌ఫ్రెడ్ డేమ్‌కూ తిప్పలు తప్పలేదు. ఎన్‌డీసీ నాయకుడు అటో ఫోర్సన్ మీద అంబులెన్సుల కొనుగోలు కేసు నడుస్తుండగా, డేమ్ తనతో రహస్యంగా మాట్లాడి ఫోర్సన్‌ను ఇరికించేలా సాక్ష్యం చెప్పమన్నారని సహనిందితుడు 2024లో ఆరోపించాడు. డేమ్ ఖండించారు. ఆ జులైలో అప్పీలు కోర్టు ఇద్దరినీ విడిచిపెట్టింది. ఫోర్సన్ ఇప్పుడు ఆర్థిక మంత్రి, అయినేతో కలిసి ఒకే కేబినెట్‌లో ఉన్నారు.