వాక్యం మొదటికి వెళ్ళిపోయిన ప్రశ్నార్థకం

కుడి నుంచి ఎడమకు రాసే హీబ్రూ భాష నేర్చుకుంటున్న ఒక పాఠకురాలు ఈ మధ్య ఒక సందేహం పంపారు. మెయిల్‌లో "మా శ్లోమ్‌ఖా?" అని హీబ్రూ లిపిలో టైప్ చేశారట. ఎలా ఉన్నావు అని దానర్థం. అక్షరాలన్నీ బాగానే వచ్చాయి. ప్రశ్నార్థకం మాత్రం ఎడమ చివర ఉండాల్సింది పోయి కుడి చివరకు, అంటే హీబ్రూ చదివేవాళ్ళకు వాక్యం మొదట్లోకి వచ్చి కూర్చుంది. "నేను చివర్లోనే కొట్టాను కదా, అక్కడికెలా వెళ్ళింది?" అని అడిగారు. ఇంత చిన్న గుర్తు వెనక ఇంత పెద్ద కథ ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ముందు ఒక అపోహ సంగతి. హీబ్రూను "వెనక నుంచి రాస్తారు" అని చాలామంది అంటారు, పిల్లలకూ అలాగే చెబుతారు. అది తప్పు. ముందు పలికే అక్షరాన్నే ముందు రాస్తారు. చెయ్యి కదిలే దిక్కు మాత్రమే వేరు. కంప్యూటర్ మెమరీకి కుడీ ఎడమా అసలు లేవు, ముందూ తర్వాతా మాత్రమే ఉన్నాయి. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దానంతటదే తెలుస్తుంది.

పాత టెర్మినళ్ళలో, అంటే పెద్ద కంప్యూటర్లకు తగిలించే తెరల్లో, చాలావాటికి ఎడమ నుంచి కుడికి చూపించడం ఒక్కటే వచ్చు. అందుకని ఇజ్రాయెల్‌లో ఒక ఉపాయం వాడారు. అక్షరాలు తెరమీద ఏ వరసలో కనబడాలో అదే వరసలో, అంటే చివరి అక్షరం ముందుగా, మెమరీలో పెట్టేశారు. దీన్ని విజువల్ పద్ధతి అంటారు. పలికే వరసలోనే దాచి, చూపించేటప్పుడు తిప్పేది లాజికల్ పద్ధతి. 1990లలో బ్రౌజర్లు వచ్చిన కొత్తలో హీబ్రూ పేజీలు చాలావరకు విజువల్‌లోనే ఉండేవి.

దాంతో వచ్చిన చిక్కు తెలుగు మాటలతోనే చూద్దాం. "వాన కురిసి చెరువు నిండి కప్పలు అరిచాయి" అనే వాక్యాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలనుకోండి. విజువల్‌లో దాచితే మెమరీలో మొదట "అరిచాయి", తర్వాత "కప్పలు", అలా చివరికి "వాన" ఉంటాయి. అంతా ఒకే లైనులో పడితే ఇబ్బంది లేదు. కిటికీ సన్నబడి లైనుకు మూడు మాటలే పట్టాయనుకోండి. బ్రౌజర్ మెమరీలో ముందున్న మూడింటిని పై లైనులో, మిగిలిన మూడింటిని కింది లైనులో పెడుతుంది. ఇప్పుడు కుడి నుంచి చదవండి: "నిండి కప్పలు అరిచాయి, వాన కురిసి చెరువు." లోకమే తలకిందులైంది! అందుకే ఆ రోజుల్లో పేజీలు తయారుచేసేవాళ్ళు ప్రతి లైనునూ చేత్తో విరిచేవాళ్ళు. చదివేవాళ్ళు అక్షరాల సైజు పెంచితే చాలు, మళ్ళీ చెదిరిపోయేది. మాట వెతికినా దొరకదు, ఎందుకంటే లోపల ఉన్నది తిరగేసిన మాట. వికటకవి లాంటి మాటలకు తప్ప ఆ వెతుకులాట పనిచెయ్యదు.

మెయిల్ కోసం 1993లో ఒక ఒప్పందం రాసుకున్నారు. మెయిల్ పైన ఉండే వివరాల్లో హీబ్రూ అక్షరాల పట్టిక పేరు ఐఎస్ఓ-8859-8 అని ఉంటే విజువల్, దాని చివర "ఐ" అనే ఒక్క అక్షరం చేరితే లాజికల్. ఆ ఒక్క అక్షరం పొరపాటైతే వాక్యమంతా తిరగబడుతుంది.

ఇక అక్షరాల నంబర్లు. కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ ఒక నంబరుగా దాచుకుంటుంది. హీబ్రూలో 22 అక్షరాలు, మాట చివర రూపు మారేవి 5, మొత్తం 27. 8859-8లో వీటికి 224 నుంచి 250 వరకు నంబర్లు ఇచ్చారు. "శాలోమ్" అంటే శిన్, లామెద్, వావ్, చివరి మేమ్: 249, 236, 229, 237. ఇలాంటి నంబరుకు ఎనిమిది బిట్లు, అంటే ఎనిమిది సున్నా-ఒకట్లు, కావాలి. పాత మెయిల్ వ్యవస్థ ఒక్కో అక్షరానికి ఏడు బిట్లే మోసేది. దారిలో ఏదో ఒక యంత్రం ఎనిమిదో బిట్టును కోసేస్తే ప్రతి నంబరులోంచీ 128 పోతుంది. మిగిలేవి 121, 108, 101, 109. ఇంగ్లిష్ చిన్నబడిలో అవి వై, ఎల్, ఇ, ఎమ్. శాలోమ్ అని పంపితే అవతల అర్థంలేని నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు చేరేవి. అయినా అవి పోయినట్టు కాదు. ఇజ్రాయెల్ పాత ఏడు బిట్ల ప్రమాణంలో హీబ్రూ అక్షరాలు ఉన్నది సరిగ్గా ఆ స్థానాల్లోనే, 96 నుంచి 122 దాకా. ఆ ప్రమాణం తెలిసిన తెరమీద అదే ఉత్తరం మళ్ళీ శాలోమ్‌గా కనబడేది. ఇది నాకు ఎంతో అందంగా అనిపిస్తుంది.

ఇప్పుడు ప్రపంచ లిపులన్నిటికీ నంబర్లిచ్చే ప్రమాణం యూనికోడ్. దాన్ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి హీబ్రూ అక్షరానికీ రెండు బైట్లు (ఎనిమిదేసి బిట్ల నంబర్లు), మొదటిది ఎప్పుడూ 215. పశ్చిమ యూరప్ అక్షరాల పట్టికలో 215 అంటే గుణకారం గుర్తు. కాబట్టి పిచ్చి గీతల మధ్య మాటిమాటికీ గుణకారం గుర్తు కనబడిందంటే అది తప్పు పట్టికతో తెరిచిన హీబ్రూ ఉత్తరం అయ్యుండొచ్చు.

మన ప్రశ్నార్థకం దగ్గరికి వద్దాం. యూనికోడ్ ప్రతి అక్షరానికీ ఒక స్వభావం ఇచ్చింది. హీబ్రూ అక్షరాలు గట్టిగా కుడి నుంచి ఎడమకు, ఇంగ్లిష్, తెలుగు అక్షరాలు గట్టిగా ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. అంకెలు బలహీనం, కానీ హీబ్రూ మధ్యలో కూడా 2013 అనేది ఎడమ నుంచే నడుస్తుంది. ఖాళీలకూ ప్రశ్నార్థకానికీ సొంత దిక్కు లేదు. అవి అటూ ఇటూ చూస్తాయి. రెండు వైపులా హీబ్రూ ఉంటే హీబ్రూతో నడుస్తాయి. రెండు వైపులూ కలవకపోతే పేరా దిక్కు ఏదైతే అదే. ఆ మెయిల్‌లో ప్రశ్నార్థకానికి ఒకవైపు హీబ్రూ, రెండోవైపు పేరా ముగింపు. పేరా దిక్కు ఎడమ నుంచి కుడికి. అందుకే అది కుడి చివరకు వెళ్ళింది. హీబ్రూ పేరాలో "సి++" అనే ప్రోగ్రామింగ్ భాష పేరు ఇంగ్లిష్ అక్షరంతో రాస్తే ప్లస్సులు సి కి ఎడమ పక్కకు చేరేదీ ఇదే కారణంతో.

పేరా దిక్కు చెప్పకపోతే చాలా ప్రోగ్రాములు మొదటి గట్టి అక్షరాన్ని చూసి ఊహిస్తాయి. సబ్జెక్టు లైను హీబ్రూలో ఉన్న మెయిల్ కు జవాబిస్తే ముందు "రీ:" అనే ఇంగ్లిష్ ముక్క చేరుతుంది, దాంతో లైను మొత్తం ఇంగ్లిష్ దిక్కుకు పోతుంది. చాలామంది చేసే పొరపాటు ఇంకోటుంది: కుడివైపు అలైన్ చేసి పని అయిపోయిందనుకోవడం. అది అక్షరాలను కుడి అంచుకు జరుపుతుందే గానీ పేరా దిక్కు మార్చదు. ప్రశ్నార్థకం ఉన్నచోటే ఉంటుంది. దిక్కు చెప్పే ఆదేశం వెబ్ పేజీలు రాసే భాష అయిన హెచ్‌టీఎంఎల్ 4.0లో, 1997 డిసెంబరులో చేరింది. దాన్ని పేజీ మొత్తానికి ఒకసారి చెబితే బ్రౌజర్‌కు సరిపోతుంది. కొన్ని మెయిల్ ప్రోగ్రాములు పేజీ మొత్తానికి చెప్పే ఆ పై పొరను పారేస్తాయి కాబట్టి ఉత్తరంలో లోపలి పేరాలకు కూడా చెప్పాలి.

ఆ పాఠకురాలి మెయిల్‌లో దిక్కు మార్చే బటన్ ఉంటే అది నొక్కితే చాలు. లేకపోతే యూనికోడ్‌లో 8207 నంబరుతో కంటికి కనబడని ఒక అక్షరం ఉంది. దానికి రూపం లేదు, కుడి నుంచి ఎడమకు అనే గట్టి స్వభావం మాత్రం ఉంది. ప్రశ్నార్థకం తర్వాత దాన్ని పెడితే రెండు వైపులా హీబ్రూ ఉన్నట్టే లెక్క, ప్రశ్నార్థకం ఎడమ చివరకు వచ్చేస్తుంది.