మామిడితోటలో పిల్లల క్యాంపు: అనుమతి వెనుక నూరేళ్ళ భూమి కథ

స్కూళ్ళకు సెలవులు ఇవ్వగానే ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పలమనేరు, బంగారుపాళ్యం, పుంగనూరు వైపు కొన్ని మామిడితోటల్లో పిల్లల సందడి మొదలవుతుంది. బెంగళూరు, చెన్నై, తిరుపతి నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకొచ్చి వారం పది రోజులకు దించిపోతారు. తోట యజమాని మొదట రెండు షామియానాలు వేసి, వంటకు ఒక రేకుల షెడ్డు కట్టి పని మొదలుపెడతాడు. అప్పుడు అనుమతి ఊసు ఎవరూ ఎత్తరు. నాలుగైదేళ్ళకు వచ్చే పిల్లల సంఖ్య పెరుగుతుంది. పక్కా డార్మిటరీ, మరుగుదొడ్ల వరస, ఇంకో బోరు కావాల్సి వస్తాయి. పక్కనున్న రెండెకరాలు కూడా కలుపుకుందామనిపిస్తుంది. సరిగ్గా అక్కడే ఫైలు ఆగిపోతుంది.

చేయి తడపందే పని కాదని ఊళ్ళో అంటారు. ఆ మాటలో నిజం లేదనను. కానీ అసలు చిక్కు వేరే. మన చట్టాల్లో 'క్యాంపు' అనే పద్దు ఎక్కడా లేదు. అది బడి కాదు, లాడ్జి కాదు, ఇల్లు కాదు, సేద్యం అసలే కాదు. అందుకే ఏం కడతావని అడగడానికి ముందే, ఇది ఏ రకం భూమి అని ఆఫీసు అడుగుతుంది. దానికి జవాబు తాతల నాటి రికార్డుల్లో ఉంటుంది.

మంచి గాలి కోసం జనం ఈ ఎత్తు ప్రాంతానికి రావడం కొత్తేమీ కాదు. కడప కలెక్టరుగా చేసిన హార్స్లీ దొర ఏనుగు మల్లమ్మ కొండ మీద వేసవి బంగళా కట్టుకున్నాడు. ఇప్పుడు ఆ కొండ ఆయన పేరుతోనే ఉంది. 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ రోగులకు ఆసుపత్రి తెరిచారు. 1920లలో జిడ్డు కృష్ణమూర్తి తన సొంత ఊరు మదనపల్లెకు దగ్గర్లో ఒక ఎండిన లోయను ఎంచుకుంటే, అక్కడ రిషివ్యాలీ బడి లేచింది. ఆ రోజుల్లో ఏ జోన్‌లో ఏం కట్టాలో చెప్పే ప్లానే లేదు.

పిల్లల వేసవి క్యాంపులకు పుట్టిల్లు అమెరికా. 1861లో కనెక్టికట్‌లో ఒక బడిపంతులు తన శిష్యులను గుడారాలతో బయటికి తీసుకెళ్ళడం నుంచి అక్కడ ఆ చరిత్ర లెక్కపెడతారు. ఏ జాగాలో ఏం కట్టొచ్చో ముందే తేల్చిపెట్టే జోనింగ్ ఆ తరవాత వచ్చింది. 1916లో న్యూయార్క్ నగరం మొదలుపెడితే, 1926లో ఒహాయోలోని యూక్లిడ్ అనే ఊరి కేసులో సుప్రీంకోర్టు దానికి ముద్ర వేసింది. అందుకే అక్కడ జోనింగ్‌కు ముందే ఉన్న పాత క్యాంపును మామూలుగా ఉన్నంతవరకు ఉండనిస్తారు. పెంచాలంటే మాత్రం ఊరి బోర్డు ముందుకు వెళ్ళి, ఇరుగుపొరుగు చెప్పేది కూడా వినాలి. వాళ్ళది ఊరి ప్లానుతో మొదలైన కథ, మనది శిస్తుతో మొదలైన కథ.

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్‌లో ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు వచ్చి కలిశాయి. పుంగనూరు, కార్వేటినగరం, శ్రీకాళహస్తి జమీందారీలు వేరే లెక్కల్లో నడిచేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయి, సర్వే, సెటిల్‌మెంటు జరిగి, రైతులకు పట్టాలు వచ్చాయి. మిగిలినదంతా మేత పోరంబోకు, గుట్ట పోరంబోకు, వంక పోరంబోకు, అనాధీనం (ఎవరి పేరునా లేని ప్రభుత్వ భూమి) అని రాసిపెట్టారు. పట్టాదారు పేరు తెలియని చోట చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కల భూముల చిక్కు విప్పడానికే 2017లో ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చింది.

అనాధీనంలో పేదలకు పంచి ఇచ్చిందే డీకేటీ భూమి, అంటే అసైన్డ్ భూమి. క్యాంపు పెంచాలనుకున్నవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అసైన్డ్ భూములు చేతులు మారకుండా 1977లో వచ్చిన చట్టం అమ్మకాన్ని ఒక్కటే ఆపలేదు. కౌలుకు, లీజుకు ఇవ్వడం కూడా బదలాయింపు కిందికే తెచ్చింది. 'కొనడం లేదు కదా, పదేళ్ళకు లీజు రాసుకుంటాం' అని స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టుకుంటే అది చెల్లదు. పైగా ఆ పేద రైతు పట్టాకే ముప్పు తెస్తుంది. ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డ్ భూమిపై మొదట పొందినవారికి పూర్తి హక్కు ఇచ్చేలా 2023లో చట్టాన్ని సవరించారు. ఆ ఫ్రీహోల్డు భూముల్లో అక్రమాలు జరిగాయని ఆ తరవాత విచారణలు మొదలయ్యాయి. 2024 జులైలో మదనపల్లె సబ్‌కలెక్టరు ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోయాయి. అప్పటి నుంచి డీకేటీ అన్న మాట వినపడితే సంతకం పెట్టడానికి ఏ అధికారికైనా టెన్షనే. వాళ్ళను పూర్తిగా తప్పు పట్టలేను.

ఎఫ్ఎంబీ, అంటే సర్వే వాళ్ళు గీసిన పొలం కొలతల పటం చూసినవాళ్ళకు ఇంకో సంగతి తెలుస్తుంది. సర్వే నంబరు గీతల మధ్య సన్నగా రెండు వంకర గీతలు పోతుంటాయి. అది వంక, అంటే చిన్న వాగు. పొలంలో నిలబడి చూస్తే అక్కడ తుమ్మచెట్లు, ఇసుక, మేకలు నడిచే దారి తప్ప ఏమీ కనిపించదు. పదేళ్ళుగా నీళ్ళు రాకపోయి ఉండొచ్చు. డార్మిటరీకి చదునుగా, చెట్లు కొట్టే పని లేకుండా దొరికేది ఆ జాగానే. కాగితం మీద మాత్రం అది కింది చెరువుకు నీళ్ళు తెచ్చే దారి.

సేద్యపు భూమిని వేరే పనికి మార్చే పద్ధతీ శిస్తు నుంచి పుట్టిందే. 1963 చట్టం ప్రకారం వ్యవసాయేతర భూమికి ఏటా పన్ను కట్టేవాళ్ళు. 2006లో దాన్ని తీసేసి, ఆర్డీఓ దగ్గర ఒకేసారి రుసుము కట్టి మార్పించుకునే చట్టం తెచ్చారు. భూమిని మార్పించుకోకుండా భవనం లేపేస్తే ఆ రుసుములో సగం అదనంగా జరిమానా పడేది. జనం దీన్నే నాలా అంటారు. 2025లో ప్రభుత్వం ఈ చట్టాన్ని రద్దు చేసి, ప్లాను అనుమతి దగ్గరే అభివృద్ధి రుసుము తీసుకునే పద్ధతికి మారింది. ఒక ఆఫీసు తిరుగుడు తగ్గింది, మంచిదే. కానీ నాలా దరఖాస్తు పెట్టినప్పుడు రెవెన్యూ వాళ్ళు వచ్చి భూమి చరిత్ర చూసేవాళ్ళు. ఆ పని ఇక మొక్కుబడిగా మారుతుందేమోనని నా భయం.

ప్లాను వైపు కథ ఇంత పాతది కాదు. తిరుపతికి పట్టణాభివృద్ధి సంస్థ తుడా 1980ల మొదట్లో వచ్చింది. చిత్తూరుకు, పలమనేరు–కుప్పం–మదనపల్లెకు పట్టణాభివృద్ధి సంస్థలు చాలా ఆలస్యంగా ఏర్పడ్డాయి. మాస్టర్ ప్లానులో మీ తోట వ్యవసాయ జోన్‌లో పడితే భూ వినియోగ మార్పు కోరాలి. గెజిట్‌లో ప్రకటన వేసి, పదిహేను రోజులు అభ్యంతరాలు తీసుకుంటారు. పక్క పొలం రైతు గెజిట్ ఎందుకు చదువుతాడు? ఊరికి తెలియాలంటే గ్రామసభలో చెప్పాలి. నన్నడిగితే దరఖాస్తుకు ముందే చెప్పాలి.

గ్రామసభలో మొదట లేచే ప్రశ్న నీళ్ళదే అవుతుంది, అది న్యాయమైన ప్రశ్న. నీళ్ళను, భూమిని, చెట్లను కాపాడడానికి 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి తప్పనిసరి. పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు దాటినా చుక్క పడని బోర్లు చూసిన ఊళ్ళివి. పిల్లల స్నానాలకూ వంటకూ మే నెలలో లాగే నీళ్ళు పక్క రైతు టమాటాకు అందాల్సిన నీళ్ళే. అడవి అంచునైతే ఏనుగుల సంగతి కూడా ఉంది. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు వచ్చి స్థిరపడ్డాకే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. మామిడి, పనస కాసే తోటలో రాత్రిళ్ళు పిల్లల్ని పడుకోబెట్టేవాళ్ళు అటవీ శాఖ మాట ముందే వినాలి.

ఇక వంక. పది మీటర్లకు మించి వెడల్పున్న వాగుకు తొమ్మిది మీటర్లు, అంతకన్నా చిన్నదానికి రెండు మీటర్లు వదలాలని భవన నిర్మాణ నియమాలు చెబుతాయి. మురుగు కాలువ పక్కన ప్రహరీ కట్టడానికి రెండు మీటర్లు సరిపోవచ్చు, నిద్రపోయే పిల్లల గదికి సరిపోదు. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్టకు గండి పడుతుందని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. టెక్సస్‌లో గ్వాడలూప్ నది ఒడ్డున 1926 నుంచి నడుస్తున్న క్యాంప్ మిస్టిక్‌లో 2025 జులై 4 తెల్లవారుజామున వరద వచ్చి 27 మంది పిల్లలు, కౌన్సెలర్లు చనిపోయారు. ఆ క్యాంపును పెంచేటప్పుడు కొన్ని గదులు వరద ముప్పు ఉన్న చోటే కట్టారనీ, యాజమాన్యం అప్పీలు చేసుకుంటే ప్రభుత్వ వరద మ్యాపు నుంచి అక్కడి చాలా భవనాలను తీసేశారనీ తరవాత పత్రికలు రాశాయి. పెంచడానికి అనుమతి మాత్రం దొరికింది.

మన దగ్గర వంకలకు అలాంటి మ్యాపులు లేవు. కానీ 2021లో నీళ్ళు ఏ చింతచెట్టు దాకా వచ్చాయో వేలు పెట్టి చూపించే పెద్దవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. ప్లాను గీసే ఇంజనీరును ముందు వాళ్ళతో కలిసి వంక వెంట నడిపించాలి. డార్మిటరీని ఆ చెట్టుకు పైన, మిట్ట మీద గీయించుకోవడానికి ఏ ఆఫీసు సంతకమూ అక్కర్లేదు.