ఫ్యాక్టరీ ముందు, అనుమతి తర్వాత: నియమగిరి నుంచి సిజిమాలి దాకా

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, మునిగుడ బజార్లలో తెలుగు వినపడని రోజుండదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆంధ్రప్రదేశ్‌లో పార్వతీపురం వైపు ఉన్న 1/70 చట్టం సంగతి అక్కడి తెలుగువాళ్లకు తెలుసు. కొండలు అవే, కొండల్లో బతికే జనం వాళ్లే. సరిహద్దు దాటితే చట్టం మారుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వకూడదని 1997 జులైలో సుప్రీంకోర్టు సమత కేసులో చెప్పింది. కానీ ఆ తీర్పుకు ఆధారం ఆంధ్రప్రదేశ్ భూ బదలాయింపు నిబంధన, అంటే ఆ 1/70 చట్టమే. ఒడిశా దాని పరిధిలోకి రాదన్న వాదన అప్పటి నుంచే ఉంది.

అల్యూమినియానికి ముడిఖనిజమైన బాక్సైట్ మీద గొడవల్లో రాయగడ జిల్లా కాశీపూర్ ముందే మండింది. అక్కడి బాక్సైట్ ప్రాజెక్టును వ్యతిరేకిస్తున్న మైకంచ్‌లో 2000 డిసెంబరు 16న పోలీసు కాల్పులకు ముగ్గురు ఆదివాసీలు బలయ్యారు. నార్వే కంపెనీ నార్స్క్ హైడ్రో 2001లో, కెనడా కంపెనీ ఆల్కాన్ 2007లో వాటాలు వదులుకుని వెళ్లిపోయాయి. ప్రాజెక్టు మాత్రం ఆగలేదు. హిందాల్కో చేతుల్లో ఉత్కల్ అల్యూమినా ఇవాళ నడుస్తోంది. విదేశీ భాగస్వామి వెళ్లిపోవడం ఆ కంపెనీ మనస్సాక్షికి సంబంధించిన విషయం. ఊరి హక్కు తేలేది అక్కడ కాదు.

నియమగిరిలో తప్పు క్రమంలో జరిగింది. అల్యూమినియం తయారీకి వాడే అల్యూమినా పొడి టన్ను తీయాలంటే సుమారు మూడు టన్నుల బాక్సైట్ కావాలి. ఏడాదికి 10 లక్షల టన్నుల సామర్థ్యంతో లాంజిగఢ్‌లో శుద్ధి కర్మాగారం కట్టిన వేదాంత, ఆ ఖనిజం కర్మాగారం పైనున్న నియమగిరి కొండ నుంచి వస్తుందని లెక్క వేసుకుంది. గనికి అటవీ అనుమతి రాకముందే ఫ్యాక్టరీ లేచింది. కట్టేశాక ‘ఇంత డబ్బు పెట్టాం కదా’ అనేదే వాదనైపోయింది. ఖనిజం దొరక్క 2012 డిసెంబరులో కర్మాగారాన్ని కొన్ని నెలలు మూసుకోవాల్సి వచ్చింది. సామర్థ్యాన్ని 60 లక్షల టన్నులకు పెంచితే కొండమీది 7.2 కోట్ల టన్నుల నిల్వ నాలుగేళ్లకే సరిపోతుందని కేంద్రం వేసిన సక్సేనా కమిటీ 2010లో లెక్క తేల్చింది. నాలుగేళ్ల ఖనిజం కోసం, అక్కడి ఆదివాసీలు డోంగ్రియా కోంధులు దేవుడిగా కొలిచే నియమరాజా కొండ!

ఈలోపు బయట ఒత్తిడి పెరిగింది. 2007లో నార్వే ప్రభుత్వ పెన్షన్ నిధి వేదాంతలో పెట్టుబడి మానుకుంది. డోంగ్రియాలను సకాలంలో, సరిగా సంప్రదించలేదని 2009 సెప్టెంబరులో సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ నియమాల కింద కంపెనీలపై ఫిర్యాదులు చూసే బ్రిటన్ విభాగం తేల్చింది. 2010లో ఇంగ్లండ్ చర్చి తన వాటాలు అమ్మేసింది. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ అటవీ అనుమతి నిరాకరించింది. కంపెనీలు నష్టం జరిగే ముందే హక్కులను పరిశీలించుకోవాలన్న ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలు 2011లో వచ్చాయి. లాంజిగఢ్‌లో అప్పటికి ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది.

చివరి మాట ఊళ్లది. గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆదేశించింది. రాష్ట్రం పన్నెండు ఊళ్లనే ఎంచింది. ఇంకా చాలా పల్లెలకు హక్కుందని కేంద్ర గిరిజన శాఖ అభ్యంతరం చెప్పినా వినలేదు. జులై 18న శెర్కాపాడిలో మొదలై ఆగస్టు 19న జరపాలో ముగిసిన సభల్లో పన్నెండు ఊళ్లూ ‘వద్దు’ అన్నాయి. ప్రతి సభలో జిల్లా జడ్జి స్థాయి పరిశీలకుడు కూర్చున్నారు. ఆ తీర్మానాలను తర్వాత కాదనడం కష్టమవడానికి ఇదే ముఖ్య కారణమని మా అంచనా. మళ్లీ సభలు పెట్టాలన్న రాష్ట్ర మైనింగ్ కార్పొరేషన్ పిటిషన్ 2016లో సుప్రీంకోర్టులో నిలవలేదు.

అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ అంటే పంచాయతీ సభ కాదు, ఊరి సభ. సభ్యుల్లో సగం మంది హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. ఊరి ఉమ్మడి అటవీ హక్కులు ముందే తేలి ఉండాలి. నాలుగైదు పల్లెలకు కలిపి ఒకే సభ పెట్టినా, హాజరు పట్టీలో వేలిముద్రలు వేయించుకుని తీర్మానం తర్వాత ఒడియాలో రాసినా, కోంధుల భాష కువి మాట్లాడేవాళ్లకు అది చదివి వినిపించకపోయినా సభ చెల్లుతుందా అనే ప్రశ్న లేస్తుంది. పోడు పనుల రోజుల్లో సభ పెడితే సగం హాజరు కుదరడం కష్టం.

2022 అటవీ సంరక్షణ నియమాలతో ఈ వరుస మళ్లీ తలకిందులైంది. ఊరి సమ్మతిని చూడకుండానే కేంద్రం అనుమతి ఇవ్వవచ్చు. హక్కులు తేల్చే బాధ్యతను తర్వాతి దశలో రాష్ట్రం మీద పెట్టారు. ఆ మరుసటి ఏడాదే కాశీపూర్, థువామూల్ రాంపూర్ మధ్యనున్న సిజిమాలి బాక్సైట్ వేలంలో వేదాంతకు దక్కింది. అనుకూలంగా ఉన్నాయంటున్న గ్రామసభ తీర్మానాలు తాము చేసినవి కావని అక్కడి ఊళ్లు అంటున్నాయి. అందుకే అక్కడ గొడవ ఇప్పుడు ఖనిజం కంటే ముందు తీర్మానాల కాగితాల మీద నడుస్తోంది: సభ ఏ తేదీన, ఏ ఊళ్లో జరిగింది, ఎందరు ఆడవాళ్లు వచ్చారు, వేలిముద్రలు ఎవరివి అని.