చెరువు, తూము, నీరటి: హార్మోన్లపై అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నేను ఓపీ చూసే ప్రతి రోజూ కనీసం ఒక్కరైనా ల్యాబ్ కాగితం బల్ల మీద పరిచి, "సార్, నాకు థైరాయిడ్ ఎక్కువైందట, ఇరవై దాటింది" అంటారు. కాగితంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయమని ఆజ్ఞాపించే హార్మోన్) అంకె ముదురు అక్షరాల్లో ఉంటుంది కనుక అలా అనుకోవడం సహజమే; కాని వారి ఒంట్లో నిజానికి తగ్గింది థైరాయిడ్ హార్మోన్. పని చేసే గ్రంథి వేరు, దానికి ఆజ్ఞ ఇచ్చే గ్రంథి వేరు అన్న సంగతి తెలియకపోవడం వల్లనే నేను వినే అపోహల్లో చాలా వరకు పుడుతున్నాయి.

అపోహ: టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ పెరిగినట్టే.

పాకాల, రామప్ప చెరువుల కింద సాగు చేసిన కుటుంబాల వారికి దీన్ని వివరించడం తేలిక. నీరటి మడుల్లో నీరెంత ఉందో చూసి తూము ఎత్తుతాడు, మడులు నిండితే దించుతాడు. మెడ ముందున్న థైరాయిడ్‌ను చెరువు అనుకుంటే, మెదడు అడుగున అర గ్రాము బరువుతో, శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథే నీరటి. టీఎస్‌హెచ్ అతడు తూము ఎత్తిన కొలత. చెరువు ఎండుతున్నకొద్దీ తూము పైపైకి లేస్తుంది, నీరు మాత్రం రాదు. థైరాయిడ్ మందగించిన వారిలో టీఎస్‌హెచ్ పెరగడానికీ, గ్రేవ్స్ వ్యాధిలో థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నప్పుడు టీఎస్‌హెచ్ దాదాపు సున్నాకు పడిపోవడానికీ కారణం ఇదే.

అపోహ: థైరాయిడ్ గోలీ ఒకసారి అలవాటైతే ఇక వదలదు.

ఇది అలవాటు కాదు, లోటు భర్తీ. చాలామందిలో శరీరపు రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్‌ను కొద్దికొద్దిగా దెబ్బతీస్తుంది; అలా పాడైన గ్రంథి చేయలేని హార్మోన్‌ను గోలీ రూపంలో ఇస్తాము. ప్రసవం తరువాత వచ్చే థైరాయిడ్ వాపు మాత్రం కొందరిలో ఏడాదిలోగా సర్దుకుంటుంది కనుక, గోలీ ఎన్నాళ్లన్నది రోగకారణాన్ని బట్టి ఉంటుంది. గోలీని పరగడుపున వేసుకుని, కనీసం అరగంట ఆగి చాయ్ తాగాలి. ఐరన్, కాల్షియం గోలీలకు 4 గంటల ఎడం ఉండాలి. మోతాదు మార్చిన పది రోజులకే మళ్లీ పరీక్ష చేయించుకొని వచ్చేవారిని నేను ఉత్త చేతులతో పంపిస్తాను, ఎందుకంటే టీఎస్‌హెచ్ కుదుటపడడానికి దాదాపు 6 వారాలు పడుతుంది. గర్భం నిలిచిందని తెలిసి ఈ గోలీ ఆపేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు: మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి హార్మోన్ మీదనే ఆధారపడుతుంది, అప్పుడు మోతాదును తగ్గించడం కాదు, పెంచవలసి వస్తుంది.

థైరాయిడ్ ఉన్నవారు క్యాబేజీ మానేయాలా అన్న ప్రశ్నకు జవాబు చిన్నది. థైరాయిడ్ హార్మోన్ తయారీకి కావలసిన అయోడిన్ సరిపడా అందుతున్న ఇంట్లో, వండిన క్యాబేజీ కూరతో భయం లేదు. ఆరోగ్యమని సైంధవ లవణానికీ, అయోడిన్ కలపని దొడ్డుప్పుకూ మారుతున్న ఇళ్ల గురించే నాకు ఎక్కువ దిగులు.

అపోహ: నొప్పుల గోలీలతో ఒళ్లు వస్తోందంటే బలం వస్తున్నట్టే.

పరకాల వైపు నుంచి ఒక పత్తి రైతును కొడుకులు మోసుకొచ్చారు (గుర్తుపట్టే వివరాలు మార్చాను). మోకాళ్ల నొప్పులకు రెండేళ్లుగా కాగితపు పొట్లంలో పేరు లేని తెల్ల గోలీలు వాడుతున్నాడు. ముఖం గుండ్రంగా నిండింది, పొట్ట వచ్చింది, ఊళ్లో వాళ్లు మెచ్చుకున్నారు. చేతులు, కాళ్లు మాత్రం సన్నబడ్డాయి, చర్మం ఏమాత్రం తగిలినా నల్లగా కమిలిపోతోంది, కొత్తగా షుగర్ వచ్చింది. గోలీలిచ్చే మనిషి ఊళ్లో లేకపోవడంతో వారం రోజులు మందు ఆగింది. వాంతులు పట్టుకున్నాయి, బీపీ పడిపోయింది, మంచం మీద నుంచి లేవలేకపోయాడు.

ఆ పొట్లంలోనిది స్టెరాయిడ్ కావచ్చునని ముఖం చూడగానే అనిపించింది. మూత్రపిండాల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథులు కూడా పిట్యూటరీ ఆజ్ఞ మీదే రోజూ కార్టిసాల్ అనే ఒంటి సొంత స్టెరాయిడ్‌ను తయారు చేస్తాయి. బయటి నుంచి స్టెరాయిడ్ వచ్చి పడుతుంటే, బోరునీటితో మడులు నిండినట్టు, నీరటి తూము దించేసి నిద్రపోతాడు. నెలలు గడిస్తే తూము తుప్పు పట్టి, ఎడ్రినల్ గ్రంథులు కుంచించుకుపోతాయి. అప్పుడు బోరు ఒక్కసారిగా కట్టేస్తే ఒంటికి చుక్క అందదు. సెలైన్, హైడ్రోకార్టిసోన్ సూదులు ఎక్కించాక మరునాడు పొద్దున్నే ఆయన లేచి కూర్చొని చాయ్ అడిగాడు. ఆ తరువాత మోతాదును మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చాము. ఇలాంటివారిలో గ్రంథులు మేల్కొనడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పట్టవచ్చు, ఈలోగా జ్వరం వచ్చినా, ఆపరేషన్ అవసరమైనా మోతాదు పెంచాలి.

ఇది విని స్టెరాయిడ్ అంటేనే విషమని అనుకోకూడదు. తీవ్రమైన ఆయాసంలోనూ, రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటినే దెబ్బతీసే లూపస్ వంటి జబ్బుల్లోనూ అది ప్రాణం నిలుపుతుంది. ఆస్తమా ఇన్‌హేలర్‌లో పీల్చే మోతాదు గోలీతో పోలిస్తే చాలా తక్కువ. పేరు, మోతాదు, గడువు ఏమీ తెలియని పొట్లంతోనే నాకు పేచీ.

అపోహ: ఇన్సులిన్ సూది అంటే చివరి దశ.

క్లోమం ఇన్సులిన్ దాదాపు పూర్తిగా ఆపేసిన టైప్ 1 షుగర్ పిల్లలకు అదే మొదటి మందు, మొదటి రోజు నుంచే కావాలి. 1922 జనవరిలో టొరంటోలో తొలిసారి ఇన్సులిన్ సూది అందుకొని బతికింది పద్నాలుగేళ్ల బాలుడు.

అపోహ: టీఎస్‌హెచ్ మామూలుగా ఉంటే థైరాయిడ్ లోపం లేనట్టే.

చదువుకున్నవారు కూడా పడిపోయే గుంట ఇది. ములుగు ప్రాంతం నుంచి నలభై దగ్గరపడిన ఒక తల్లి ఏప్రిల్ ఎండలో స్వెటర్ వేసుకుని వచ్చింది. ఏళ్లుగా నీరసం, రక్తంలో సోడియం తక్కువ, పలుమార్లు చేయించిన టీఎస్‌హెచ్ మాత్రం మామూలే. కాన్పుల గురించి అడిగితే, చివరి కాన్పులో రక్తం విపరీతంగా పోయిందనీ, బిడ్డకు పాలు పడలేదనీ, ఆ తరువాత నెలసరి మళ్లీ రానే లేదనీ చెప్పింది. "పాలు రాలేదని మా అత్తమ్మ నన్నే తిట్టింది సార్" అని తల దించుకుంది.

గర్భంతో ఉబ్బిన పిట్యూటరీకి అధిక రక్తస్రావం వల్ల రక్తం అందక కణజాలం చచ్చుబడడాన్ని షీహన్ సిండ్రోమ్ అంటారు. ఇక్కడ చెరువు బాగానే ఉంది, నీరటే పడిపోయాడు. అతడి తూము కొలతను నమ్ముకుంటే జబ్బు దొరకదు. మడిలో నీటిని, అంటే రక్తంలోని థైరాయిడ్ హార్మోన్ అయిన ఫ్రీ టీ4ను, ఉదయపు కార్టిసాల్‌ను నేరుగా కొలవాలి. ఆమెకు రెండూ బాగా తక్కువగా ఉన్నాయి. మందుల వరుస కూడా ముఖ్యమే: కార్టిసాల్ లోటు తీర్చకుండా థైరాయిడ్ గోలీ మొదలుపెడితే ఆ పత్తి రైతుకు వచ్చినటువంటి ఎడ్రినల్ సంక్షోభం ముంచుకురావచ్చు కనుక ముందు హైడ్రోకార్టిసోన్, కొన్ని రోజుల తరువాత థైరాక్సిన్ ఇచ్చాము. జూన్‌లో మూడోసారి వచ్చినప్పుడు ఆమె ఒంటి మీద స్వెటర్ లేదు.