సిలువ బొమ్మ ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చింది?

రోమ్‌లో పాలటైన్ కొండ మీది ఓ పాత కట్టడంలో 1857లో గోడ మీద గీకిన బొమ్మ ఒకటి బయటపడింది. సిలువ మీద ఒక మనిషి ఉన్నాడు, కానీ తల గాడిదది. పక్కన ఒకడు చెయ్యెత్తి మొక్కుతున్నాడు. కింద వచ్చీరాని గ్రీకులో 'అలెక్సామెనోస్ దేవుణ్ణి కొలుస్తున్నాడు' అని రాసి ఉంది. తోటివాడెవడో ఏడిపించడానికి గీసినట్టుంది. క్రీ.శ. 200 ప్రాంతానిదని చాలామంది అంచనా. సిలువ మీద ఏసును చూపే బొమ్మల్లో దొరికిన అతి పాతవాటిలో ఇదొకటి. గీసింది భక్తుడు కాదు, వెక్కిరించినవాడు.

వాడికి అది నవ్వులాట కావడంలో వింత లేదు. సిలువ అప్పుడు బానిసలకూ తిరుగుబాటుదార్లకూ వేసే శిక్ష. పర్షియన్లు, కార్తేజ్‌వాళ్లు వాడిన పద్ధతినే రోమన్లు అందుకుని బాగా ముదిర్చారు. క్రీ.పూ. 71లో స్పార్టకస్ నడిపిన బానిసల తిరుగుబాటు అణిగాక పట్టుబడిన ఆరు వేల మందిని కాపువా నుంచి రోమ్ దాకా దారి పొడుగునా సిలువ వేశారు. రోమన్ పౌరుడి ఒంటికే కాదు, తలపుకీ కంటికీ చెవికీ కూడా ఆ మాట దూరంగా ఉండాలని క్రీ.పూ. 63లో రోమన్ వక్త సిసెరో వాదించాడు.

ఆ శిక్ష ఎలాంటిదో చెప్పే మడమ ఎముక ఒకటి 1968లో జెరూసలేం ఉత్తర శివారులోని సమాధిలో దొరికింది. పక్కనుంచి దిగిన ఇనుప మేకు ఇంకా అందులోనే ఉంది. కొసన వంగింది. కర్రలో కణుపు తగిలి ఉంటుందంటారు. వంగింది కాబట్టే శవాన్ని దించినప్పుడు ఊడి రాలేదు, మన దాకా మిగిలింది. అంతమందిని సిలువ వేసిన సామ్రాజ్యంలో ఇలా ఎముకతో సహా దొరికిన ఆనవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

యూదులకు ఇబ్బంది మరో రకంగా వచ్చింది. మ్రాను మీద వేలాడినవాడు శాపగ్రస్తుడని ధర్మశాస్త్రం చెబుతుంది. తొలినాటి క్రైస్తవ ప్రచారకుడు పౌలు దీన్ని దాచలేదు. సిలువ సంగతి యూదులకు ఆటంకం, అన్యులకు (యూదులు కానివాళ్లకు) వెర్రితనం అని తనే ఒప్పుకున్నాడు. ఆ శాపాన్ని క్రీస్తు మన బదులు మోశాడని దాన్నే తిరగేసి చెప్పాడు. అంటే సిలువకు అర్థం ముందే వచ్చేసింది, బొమ్మే చాలా ఆలస్యమైంది.

బొమ్మకు ముందు వచ్చింది వేలి సైగ. ఇంట్లోకి వస్తూ పోతూ, స్నానానికి వెళ్తూ, భోజనానికి కూర్చుంటూ, దీపం వెలిగిస్తూ నుదుట ఆ గుర్తు వేసుకుంటామని 3వ శతాబ్దం మొదట్లో క్రైస్తవ రచయిత టెర్టూలియన్ రాశాడు. సువార్తల రాతప్రతుల్లో లేఖకులు గ్రీకులో సిలువ అనే మాట వచ్చినచోట టౌ (T), రో (P) అక్షరాల్ని ఒకదాని మీదొకటి వేసేవారు. చూస్తే నిలువు కర్రకు తల వేలాడుతున్నట్టే ఉంటుంది. క్రైస్తవుల భూగర్భ సమాధుల గోడల మీద మాత్రం చేప, లంగరు, మంచి కాపరి కనబడతారు. సిలువ అరుదు.

రోమన్లు పెట్టే హింసకు భయపడి క్రైస్తవులు సిలువను దాచుకున్నారని సాధారణంగా చెబుతారు. అది సగం మాటే అనిపిస్తుంది నాకు. ఊరి బయట నిజం సిలువలు కళ్లెదుట ఉండగా దాన్ని గోడకు ఎవరు అలంకరించుకుంటారు?

312లో రోమ్ దగ్గరి మిల్వియన్ వంతెన యుద్ధంతో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కథ మొదలవుతుంది. ఆకాశంలో వెలుగు సిలువ కనబడిందని ఆనాటి బిషప్, చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు గానీ, చక్రవర్తి జెండాకెక్కింది క్రీస్తు పేరులోని మొదటి రెండు అక్షరాల ముడి. అయినా అతని కాలంతో సిలువ శిక్ష ఆగిపోయింది. 335లో జెరూసలేంలో ఏసు సమాధి చోట చర్చిని ప్రతిష్ఠించారు. చక్రవర్తి తల్లి హెలెనా ఏసును వేసిన అసలు సిలువను వెలికితీసిందన్న కథ ఆ శతాబ్దం చివర్లో గానీ వినబడదు. ఆ కట్టడాన్ని వర్ణించిన యూసేబియస్ దాని ఊసే ఎత్తడు.

శిక్షను కళ్లతో చూసినవాళ్లు పోయాకే బొమ్మకు ధైర్యం వచ్చింది. రోమ్‌లోని సాంటా సబీనా చర్చి చెక్కతలుపు మీద, 5వ శతాబ్దంలో, ఏసు చేతులు చాచి కళ్లు తెరిచి నిలబడి ఉంటాడు. వెనక సిలువ కర్ర ఉందా లేదా అన్నట్టుంటుంది. కొలోన్‌లోని గేరో సిలువ అనే చెక్క శిల్పం దగ్గరికి వచ్చేసరికి, అంటే 10వ శతాబ్దం చివరికి, నిలువెత్తు దేహం, వాలిన తల, మూసిన కళ్లు, ముందుకు జారిన పొట్ట.

16వ శతాబ్దంలో కేథలిక్ చర్చి నుంచి విడిపోయిన సంస్కరణవాదుల్లో చాలామంది ఆ దేహాన్ని తీసేసి ఖాళీ సిలువ చాలన్నారు. మరీ పట్టుదల గలవాళ్లకు అదీ విగ్రహమే. 1643 మే 2న లండన్ చీప్‌సైడ్ వీధిలోని పాత సిలువ స్తంభాన్ని సైనికుల కాపలాలో కూల్చారు. కొసన ఉన్న సిలువ పడగానే డప్పులు మోగాయి, బాకాలు ఊదారు, జనం టోపీలు గాల్లోకి ఎగరేశారు.